మంచు అని పంపిన

ఎల్కతుర్తి దాటినంక మూడో మలుపు కాడ
స్తంభానికి పెట్టె బిగించినం.
టిఫిన్ గిన్నెంత పెట్టె. రెండు కొమ్ములు.
దాని మాట చెవికి అందదు.
సెకనుకు పదిసార్లు బండి అంటది:
ఇక్కడున్న, ఇంత ఉరుకుతున్న, ఇటు తిరిగి ఉన్న.
పదిసార్లూ పెట్టె వింటది.
అలిసిపోదు. ఎదురు ప్రశ్న వెయ్యదు.

"మేమూ గట్లనే చెప్పుకునేటోళ్లం" అన్నడు ఓదెలు.
ఇరవై రెండేండ్లు గ్రానైటు లారీల మీద క్లీనరు,
ఇప్పుడు మా టెస్టు రోడ్డు మీద గొర్లను అదిలించే రోజు కూలి.
ఒక్క చరుపు, ఆగు.
రెండు, పోనియ్.
ఎడతెగక కొడితే, ఎనక ఎవడో ఉన్నడు సచ్చిపోతడు.
బండి చెడిపోతే రోడ్డు మీద యాపకొమ్మ.
ఎదురు లారీ లైట్లు రెండుసార్లు ఆరి ఎలిగితే
ముందల పోలీసోళ్లు.
చెప్పుకుంట తన తొడ మీదనే చరుసుకున్నడు.
ఆ ఎడమ అరచెయ్యి ఇంకా లారీ రేకు రంగే.

నేను లాప్‌టాప్‌ల గీత చూస్తున్న.
రాతిబండ మోసుకుంట ఒక లారీ అడ్డమొచ్చింది,
గీత పడిపోయింది.
వానకు తడిసిన చింతాకు అడ్డమొచ్చినా
కొంచెం వంగుతది.
గాలిల మాట పోవాలంటే
నడుమ గుట్ట ఒప్పుకోవాలె.

ఆ రాత్రి పన్నెండున్నరకు బండి బయల్దేరింది.
స్టీరింగు తనంతట తానే తిరుగుతున్నది,
దాని ముందు కూసున్న పిలగాని చేతులు ఒళ్లె ఉన్నయి.
పెట్టె అంటున్నది: దారి ఖాళీ.

మలుపు అవతల సగం రోడ్డు వడ్లు.
చుట్టూ తలకాయలంత రాళ్లు,
పరదా కొస కప్పుకొని బుచ్చవ్వ నిద్ర.
కొనుగోలు కేంద్రంల తేమ ఎక్కువన్నరట,
ఎనక్కి తెచ్చి మా నున్నటి రోడ్డు మీద ఆరబోసింది.
ఓదెలు టార్చి వేసేదాకా నేనూ చూడలే.
వడ్లు పదిసార్లు కాదు, ఒక్కసారి కూడా
ఇక్కడున్నమని అనవు.

ఓదెలు ఉరికొచ్చి స్తంభాన్ని చరిసిండు, ఒక్కటే దెబ్బ.
ఇనుము మోగింది.
పెట్టె వినలే.

నా ముందల పట్టిక తెరుచుకున్నది,
ఏమి అడ్డమున్నదో ఎన్నుకొమ్మని.
జంతువు.
మనిషి.
ఆగిన వాహనం.
ఒలికిన నూనె.
మంచు.
మన చలికాలం పొద్దున గడ్డి మీద ఉండే మంచు కాదు,
నేను బొమ్మల్లనే చూసిన తెల్లటిది,
రోడ్ల మీద బెత్తెడు మందాన పేరుకునేది.
దానికి నంబరున్నది.
వడ్లకు లేదు.

మంచు అని పంపిన.

బండి నమ్మింది.
ఎన్నడూ చూడని చలికి
ఒళ్లు దగ్గరికి తీసుకున్నట్టు
అరవై నుంచి ఇరవై, ఇరవై నుంచి నడక,
రాళ్లకు మూరెడు దూరంల నిలబడ్డది.
లైట్ల వెలుగుల వడ్లు
ఒక్క క్షణం నిజంగనే తెల్లగైనయి.

బుచ్చవ్వ లేచి కూసున్నది.
స్టీరింగు పట్టనోన్ని ఏమని తిట్టాల్నో తెల్వక
బండిని తిట్టింది, రోడ్డును తిట్టింది,
తేమ చూసే మిషిన్‌ను తిట్టింది.
ఓదెలు బానెట్టు మీద రెండుసార్లు చరిసిండు.
కదలలే.
మంచు కరిగిందని నేను పంపంగనే
పక్కనుంచి పోయింది.

ఐదు నిమిషాలకోసారి బండి తన పేరు మార్చుకుంటది,
ఎవ్వరూ వెంబడించొద్దని.
హుజూరాబాద్ చేరేసరికి
బుచ్చవ్వ ముందు ఆగిన బండి
పేరుకు కూడా మిగలలే.

పొద్దున రిపోర్టు రాసిన.
తప్పుడు సందేశం ఒకటి. ప్రమాదం లేదు.
పట్టికల వడ్లకు కొత్త నంబరు కావాలె.
ఓదెలు చాయ తాగుకుంట చదివిపిచ్చుకున్నడు,
గ్లాసు కింద పెట్టి అడిగిండు:
"మనిషి అని లేకుండెనా మేడం, అండ్ల?"

ఉండె.
రెండో వరుసల ఉండె.